సరస్సు ఒడ్డున నిద్ర

అత్తగారు పక్షవాతంతో మంచం పట్టినప్పటి నుంచి ఆ కోడలికి కంటి నిండా నిద్ర లేదు. పగలంతా బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే మిషన్ దగ్గర పని. ఇంటికొచ్చాక ఒళ్ళు తుడవడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం, దుప్పట్లు ఉతకడం. అత్తగారు మూలిగితే లేచేది ఆమే. భర్త లేవనని ఎప్పుడూ అనలేదు. ఆయనకు మెలకువే వచ్చేది కాదు.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రోజంతా చీకటి గోతుల్లో దూరి పనిచేసే మనిషికి ఆరుబయలంటే పిచ్చి. టీవీలో నేషనల్ పార్కులు చూపిస్తుంటే అన్నం చల్లారిపోయినా పట్టేది కాదు. మంచునదులు, ఎర్రరాతి లోయలు, పొగలు కక్కే వేడినీటి బుగ్గలు, ఏ దేశంలో ఏముందో గడగడా చెప్పేవాడు.

ఆడపడుచు సెలవు పెట్టి వచ్చి, అమ్మను తను చూసుకుంటానని, వదినను తీసుకుని ఎటైనా వెళ్ళి రమ్మని అన్నకు చెప్పింది. ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు. మంచుకొండల నడుమ సరస్సు ఉన్న పార్కుకు ప్రయాణం కట్టించాడు.

బస్సెక్కగానే ఆమె ఆయన భుజం మీద వాలిపోయింది. మలుపు మలుపుకీ ఆయన తట్టి లేపాడు. ఆమె కళ్ళు విప్పి, బావుందని, మళ్ళీ మూసుకునేది. పడవలోనూ అదే వరస. చుట్టూ జనం ఫొటోలు తీసుకుంటుంటే ఆమె తల వేలాడేసి కూర్చుంది. ఆయన ముఖం ముడుచుకుని, ఇంత దూరం వచ్చింది నిద్రపోవడానికా అని ఆ సాయంత్రమంతా సణిగాడు.

మర్నాడు జలపాతం చూడ్డానికి అడవి బాటన బయల్దేరారు. సగం దూరంలో ఆమె ఒక బల్ల మీద కూలబడి, మీరు వెళ్ళిరండి, నేనిక్కడే ఉంటానంది. ఆయన విసుక్కుంటూనే వెళ్ళాడు. జలపాతం అనుకున్నదానికంటే పెద్దది. తుంపర్లలో తడుస్తూ చాలాసేపు నిలబడ్డాడు. పక్కనున్న వాళ్ళెవరో ఆహా అంటే, తనకు అనాలనిపించలేదు.

తిరిగొచ్చేసరికి బల్ల మీద శాలువా ఒక్కటే ఉంది. కింద నిటారుగా వాలు, దాని కింద సరస్సు. ఆయన అంచు దాకా పరిగెత్తి కిందికి చూశాడు. ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఇన్నేళ్ళుగా 'ఇదిగో', 'ఏమోయ్' అనడమే గానీ పేరుతో పిలిచింది లేదు. సొంత గొంతే ఆయనకు కొత్తగా వినిపించింది. మళ్ళీ పిలిచాడు.

కేకలు విని బాట పైనున్న గదిలోంచి పార్కు గార్డు ఒకావిడ బయటికి వచ్చింది. బల్ల మీంచి పడిపోయేలా జోగుతుంటే తనే తీసుకెళ్ళి లోపల మంచం చూపించానని, పడుకోమని చెప్పేలోపే నిద్రపోయిందని మెల్లగా చెప్పింది.

లోపల ఆమె చెప్పులు కూడా విప్పకుండా పడుకుని ఉంది. ఆయన వాటిని విప్పుదామని చెయ్యి వేశాడో లేదో, ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

"వస్తున్నా అత్తయ్యా."

ఆమె చుట్టూ చూసి, ఎక్కడుందో తెలుసుకుని, నీరసంగా నవ్వింది.

"కోపమొచ్చిందా?"

"లేదు. పడుకో."

"మీరు చూపించేవన్నీ బావున్నాయండీ. కాకపోతే నాకు కొండలూ వద్దు, నీళ్ళూ వద్దు. నన్నెవరూ పిలవని చోటు కావాలి, అంతే."

ఆ మాటతో ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక చాలక మళ్ళీ వెనక్కి వాలింది. ఆయన చెప్పులు తీసి గుమ్మం పక్కన పెట్టి, అక్కడే నేల మీద కూర్చున్నాడు.

ఆ మరుసటి రోజు మంచునది చూడ్డానికి వెళ్ళే బండిలో ఆయన ఎక్కలేదు. హోటల్ గదిలో తెరలు వేసి, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, తుడవడానికి వచ్చిన మనిషిని సైగతో పంపించేశాడు. మధ్యాహ్నం దాటాక ఆమె లేచి ఆకలేస్తోందంది. ఇద్దరూ కిటికీ దగ్గర రొట్టె తిన్నారు. కొండల మీద మబ్బు కమ్మేసి ఏమీ కనిపించలేదు.

ఇంటికొచ్చాక, రాత్రి ఒకరోజు తను, ఒకరోజు ఆమె లేవాలని ఆయనే వంతు పెట్టాడు. తన వంతు రోజున మొదట్లో ఆమే కుదిపి లేపాల్సి వచ్చేది. కుదిపి, అటు తిరిగి పడుకునేది.