చాపముక్కలో జెర్రి

మా ఆచారం ప్రకారం సమాధి తెరిచి, పెద్దల ఎముకలకు కొత్త పట్టుగుడ్డలు చుట్టి మళ్ళీ లోపల పెట్టి వచ్చిన మర్నాడు, కోడలు హైంగు పరుపు ఎత్తి ఊడుస్తుంటే జెర్రి కనబడింది. గోరంత ఉంది, తేనె రంగు. ఎముకలను మోసిన చాపలోంచి తను చింపి తెచ్చుకున్న ముక్కలోకి దూరిపోయింది.

ఆ ముక్క పరుపు కింద ఉంటే పెద్దల దీవెనతో కడుపు పండుతుందని మా ఆడవాళ్ళ నమ్మకం. నా కొడుకు తూకితో హైంగుకు పెళ్ళయి ఏళ్ళు గడిచాయి. "ఈసారీ కాకపోతే మా అమ్మ దగ్గరికి పోతానత్తా. ఇంక రాను" అని నిన్ననే అంది. ఈ గడప దాటినవాళ్ళు తిరిగి రావడం నేను చూడలేదు.

జెర్రి కుడితే దీవెన కాస్తా శాపమైందని హైంగు అనుకుంటుంది. చంపుదామంటే సమాధి నుంచి వచ్చిన ప్రాణి. పైగా ఈ చిన్న రకం మా మడగాస్కర్ మట్టిలో తప్ప ఎక్కడా బతకదని, అక్షరాలు కూడబలుక్కునే రోజుల్లో ఒక చిరిగిన పుస్తకంలో చదివాను. పొడి పరుపు కింద ఎంతసేపు బతుకుతుంది? ముక్కను శాలువాలో దాచి తీసుకెళ్ళి, అరటిచెట్ల కింద తడిమట్టి మీద మెల్లగా దులిపాను.

వెనకాల హైంగు నీళ్ళ బకెట్ దించింది.

"నా దీవెన దులిపేస్తున్నావా అత్తా? నీ కొడుక్కి ఇంకో పిల్లను చూశావా?"

"కాదే పిల్లా, అందులో జెర్రి..."

"మంచి కథే. ఆ ముక్క అడిగుంటే నేనే ఇచ్చేదాన్ని."

లోపలికి వెళ్ళి బట్టలు మూటకట్టుకుని వచ్చింది. చాపముక్కను గడప మీద పరిచాను.

"కాసేపు కూర్చుని చూడు. తర్వాత నీ ఇష్టం."

కూర్చున్నాం. ఏదీ రాలేదు. మట్టిలోకి ఎప్పుడో దిగిపోయిందేమో. హైంగు లేచి మూట అందుకుంది. నేను బకెట్లో చెయ్యి ముంచి చాప మీద నీళ్ళు చల్లాను. అల్లిక సందులోంచి ముందు మీసాలు, ఆ వెనక తేనె రంగు ఒళ్ళు బయటికి వచ్చాయి.

"ఇదా?" హైంగు వంగింది. "దీనికా ఇంత కంగారు? ముందే చెప్పొచ్చుగా ముసల్దానా."

"చెబితే భయపడి ఆ పరుపు మీద పడుకోవనుకున్నాను."

"మన పెద్దల దగ్గర కాపురం చేసొచ్చింది. నాకంటే ముందు దీనికే పిల్లలు పుడతారులే."

ఆకుతో దాన్ని ఎత్తి అరటి మొదట్లో వదిలింది. ముక్కను ఆరబెట్టి పరుపు కింద పెట్టుకుంది. మూటను మాత్రం విప్పకుండా అలాగే మేకుకు తగిలించింది.

మేం రోజూ తాగేందుకు చేసుకునేట్టే అడుగంటిన అన్నంలో నీళ్ళు పోసి మరిగిస్తున్నాను. నా చూపు మాత్రం ఆ మూట ముడి మీదే ఉంది.