నలభై ఒక్క జ్వరాలు

ప్రతి ఆదివారం పదింటికి పరిశీలనా గృహం గేటు తెరుస్తారు. కేసుల్లో ఇరుక్కున్న పిల్లలను ఉంచే చోటు అది. అందరూ బాబాయ్ అని పిలిచే గేటు కాపలాదారు రిజిస్టరు తెరిచి, వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ రాసుకుంటాడు. ఎవరు, ఏమవుతారు, ఎవరి కోసం, ఏ కేసు. కొడుకును చూడటానికి ఆవిడ వచ్చినప్పుడు సంబంధం దగ్గర ‘తల్లి’ అని రాస్తాడు. కేసు దగ్గర ‘తల్లి హత్య’ అని రాస్తాడు. ఆయన సణుగుడల్లా ఒక్కటే, ఆవిడ గుర్తింపు కార్డు తీసుకురాదని. అది మిగతా సామానుతోపాటు కోర్టువాళ్ల దగ్గరే ఉండిపోయిందని ఆవిడ ప్రతివారం ఓపిగ్గా చెబుతుంది. సరే సంతకం పెట్టండమ్మా అని ఆయన పెన్ను ఇస్తాడు.

మెట్లెక్కేటప్పుడు ఆవిడ ఎడమ డొక్క మీద చెయ్యి వేసుకుంటుంది. కొడుకు పొడిచింది అక్కడే, మూడు నెలల కిందట, వంటింట్లో, కూరగాయలు తరిగే కత్తితో. ఆవిడ ప్రాణం పోయిందీ అక్కడే. వాడికి పదహారేళ్లు.

ఆవిణ్ణి చూడగానే వాడి ముఖం చాటంత అవుతుంది. “చూశావా అమ్మా, ఆవిడ పోయింది, నువ్వొచ్చేశావు,” అంటాడు. ఏడాదిగా ఇంట్లో తిరిగింది అమ్మ కాదనీ, అమ్మ వేషం వేసుకున్న ఇంకెవరో అనీ, అసలు అమ్మను ఎక్కడో దాచిపెట్టారనీ వాడి నమ్మకం. ఆవిడ అవుననదు, కాదనదు. నిద్ర పడుతోందా, గోళ్లు తీసుకున్నావా అని అడిగి, వాడి చొక్కా కాలరు సర్ది లేస్తుంది. తండ్రి సిటీ బస్సు నడుపుతాడు. ఆ బస్సు రోజూ ఈ గేటు ముందునుంచే వెళుతుంది గానీ, ఆయన ఒక్కసారి కూడా లోపలికి రాలేదు.

పిల్లవాడి సంగతి విచారించి నివేదిక రాయాల్సింది ప్రొబేషన్ ఆఫీసరమ్మ. చిన్న వయసు, భుజాన మోయలేనంత సంచి. వాణ్ణి ఆసుపత్రికి పంపాలా, పెద్దవాళ్ల కోర్టుకు పంపాలా అన్నది శుక్రవారం పిల్లల కేసులు చూసే బోర్డులో ముగ్గురు కూర్చుని తేలుస్తారు. పెద్దవాళ్ల కోర్టుకు వెళితే ఇక జైల్లోనే ముసలివాడవుతాడు. జబ్బు ఉందని డాక్టరు చెప్పాడు. పోలీసుల తరఫు వకీలు మాత్రం, కత్తి పట్టాకే జబ్బు పుట్టుకొచ్చిందా, అంతకుముందు ఉన్నట్టు ఒక్క కాగితం చూపించండి అన్నాడు. ఆ ఒక్క కాగితం కోసం ఆఫీసరమ్మ కాళ్లరిగేలా తిరిగింది. ఏ ఆసుపత్రిలోనూ వాడి పేరు లేదు. ఇరుగుపొరుగు బంగారంలాంటి కుర్రాడన్నారు. బడివాళ్లు ఒక కట్ట చేతికిచ్చారు. రెండేళ్లలో నలభై ఒక్క సెలవు చీటీలు, అన్నీ తల్లి చేతిరాతే, అన్నింట్లోనూ జ్వరమే.

ఆదివారం ఆ కట్ట తెచ్చి ఆవిడ ముందు పెట్టి, ఇన్ని జ్వరాలేంటమ్మా అని అడిగింది.

ఆవిడ పద్దెనిమిదేళ్లు ఒక పెద్ద ఆఫీసులో సెలవుల విభాగంలో పనిచేసింది. రోజుకు యాభై చీటీలు చదివిన మనిషి. జ్వరం అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరనీ, మూడో రోజుకు వెళితేనే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారనీ ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందుకే ఎప్పుడూ రెండు రోజులకు మించి రాయలేదు. మూడో రోజు వాడు ఎలా ఉన్నా తల దువ్వి బడికి పంపేసింది. ఆ తెలివే కొంప ముంచింది. డ్యూటీలకు పోయే మొగుడు కూడా ఆ జ్వరాలే నమ్మాడు.

“పిచ్చివాడంటారని భయపడ్డాను మేడమ్. ఆ మాట ఒకసారి పడితే మళ్లీ పోదు కదా,” అంది ఆవిడ. “ఆసుపత్రిలో వేస్తే నయమవుతుందా?” అని అడిగింది.

“చాలావరకు అవుతుందమ్మా.”

“నయమైతే, చంపింది ఎవర్నో వాడికి తెలిసిపోతుంది.”

ఆవిడ అవతల నీళ్లు తాగుతున్న కొడుకును చూసింది. తరవాత పెన్ను అడిగి తీసుకుంది.

ఒక్కో చీటీలో జ్వరం అన్న మాటను ఒకే గీతతో కొట్టేసి, పైన ఆ రోజు నిజంగా జరిగింది రాసింది. ఫ్యాను తిడుతోందని మంచం కింద దూరాడు. బకెట్లో కళ్లున్నాయని స్నానం చెయ్యనన్నాడు. నేను అమ్మనైతే వాడు పుట్టిన రోజు ఎండో వానో చెప్పమన్నాడు, చెప్పినా నమ్మలేదు. ముప్ఫై తొమ్మిదో చీటీ దగ్గర చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. ఈ రోజు దిండు కింద కత్తి కనిపించింది, తీసి వంటింట్లో పెట్టేశాను, ఎవరికీ చెప్పలేదు. టైమైందని చెప్పడానికి వచ్చిన బాబాయ్ గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయాడు.

శుక్రవారం ఆ వకీలు లేచి, ఇన్ని కొట్టివేతలున్న కాగితాలు చెల్లవన్నాడు. బోర్డులో పెద్దావిడ చీటీలు తిరగేసింది. ప్రతి కొట్టివేత పక్కనా పొట్టి సంతకం ఉంది, కింద తేదీ ఉంది, మొన్న ఆదివారానిది. చేతిరాత పాతదీ కొత్తదీ ఒక్కటే. దిద్దుబాట్లు పద్ధతి ప్రకారమే ఉన్నాయి, కూర్చోండి అంది. ఆయన కూర్చున్నాడు. చీటీలన్నీ పైకి చదివించేసరికి గంటన్నర పట్టింది. పిల్లవాణ్ణి ఆసుపత్రికి పంపమని ఆ సాయంత్రమే రాశారు.

మొదటి నెలంతా వాడు నిద్రపోయాడు. రెండో నెల ఫ్యాను కింద కూర్చుని అన్నం తిన్నాడు. ఆవిడ వారం వారం వస్తూనే ఉంది. వస్తున్న కొద్దీ వాడి నవ్వు తగ్గిపోయింది, ఆవిడ వంక చూడకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. డాక్టరేమో బాగా కోలుకుంటున్నాడని సంబరపడ్డాడు.

అయిదో నెలలో ఒక ఆదివారం వాడు తల ఎత్తాడు.

“అమ్మా, ఆ రోజు వంటింట్లో ఉన్నది ఎవరు?”

వాడి కోసం అబద్ధం ఆడటం ఆవిడకు చేతకానిదేం కాదు.

“నేనే నాన్నా,” అంది.

వాడు బల్ల మీద తల వాల్చి, చిన్నపిల్లాడిలా గొంతెత్తి ఏడ్చాడు. ఆవిడ లేచి, కుర్చీ బల్లకు అవతలి వైపుకు జరుపుకుని, వాడి పక్కన కూర్చుంది.