రేవు అవ్వ జవాబు

“తను చూసుకుంటుందిలే.”

ఆమె వంటింట్లో మాడిన గిన్నె అడుగు గీకుతోంది. ముందుగదిలో ఆయన ఫోన్లో అంటున్న ఆ మాట పీచు చప్పుడులోంచి కూడా స్పష్టంగా వినబడింది. ‘తను’ అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పెళ్ళయిన ఈ ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ‘తను’ అంటే ఆమే. చూసుకోవాల్సింది ఏమిటో మాత్రం తీరిగ్గా తర్వాత తెలుస్తుంది. ఒకసారి అది పన్నెండు మంది చుట్టాల భోజనం. ఇంకోసారి ఆయన స్నేహితుడి కూతురు పరీక్షల కోసం రెండు నెలలు వీళ్ళింట్లో ఉండడం. “నువ్వు కాదనవని తెలిసి ముందే మాటిచ్చేశా” అని ఆయన నవ్వుతాడు. ఆ నవ్వు మెచ్చుకోలని ఆమె చాలా ఏళ్ళు నమ్మింది కూడా, పిచ్చిది.

ఇంటి చాకిరీతో పాటు ఆమెకో ఉద్యోగం ఉంది. కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్‌లో మైనంతో పళ్ళు చెక్కుతుంది. పదిహేడేళ్ళుగా అదే పని. పళ్ళూడక ముందు ఆ మనిషి ఎలా నవ్వేవాడో పాత ఫోటోలో చూసి, ముందు పళ్ళ మధ్య ఆ కాస్త సందుతో సహా మళ్ళీ తెచ్చిపెడుతుంది. “మా ఆవిడ మైనం బొమ్మలు చేస్తుంది” అని ఆయన నలుగురిలో పరిచయం చేస్తాడు. పోయిన నెల ల్యాబ్ యజమాని ఆమెను పిలిచి, కొత్తగా చేరిన ముగ్గురమ్మాయిలకు పని నేర్పే బాధ్యతా, ఆ గది పెత్తనమూ ఒకటో తారీఖు నుంచి ఆమెదేనన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఆయన “మంచిదేలే” అని టీవీ సౌండు పెంచాడు.

ఇవి కాక ఆమెకో కంప్యూటర్ ఆట ఉంది. కూతురు హాస్టల్‌కి వెళ్తూ పాత కంప్యూటర్‌లో అది పెట్టిపోయింది. శని, ఆదివారాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన కునుకు తీసే గంటన్నర మాత్రం ఆమెది. ఆ గంటన్నరలో ఆమె ఒక మంచు లోకంలో ఉంటుంది. ఎక్కడెక్కడి వాళ్ళో వందమంది దాకా ఇంటర్నెట్లో ఒకే సర్వర్‌లో చేరి ఆకలినీ, చలినీ, తోడేళ్ళనూ తట్టుకుని బతకాలి. వేరే సర్వర్లలో అయితే కనబడినవాణ్ణి కాల్చి సంచీ లాక్కుపోవడమే ఆట. ఇది రోల్‌ప్లే సర్వర్. ఇక్కడ ఎవరికి వాళ్ళు ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషిగానే మాట్లాడాలి. ఏ పని చేసినా దాన్ని ఒక వాక్యంగా టైపు చేయాలి. చస్తే ఆ మనిషి కథ అక్కడితో సరి, మళ్ళీ ఇంకొకరిగా మొదలుపెట్టుకోవాల్సిందే.

ఆమె ఏటి దగ్గర పడవ నడిపే ముసలమ్మను ఎంచుకుంది. అందరూ ‘రేవు అవ్వ’ అంటారు.

“ముసలమ్మ ఏంటమ్మా? కత్తిలాంటి పిల్లని పెట్టుకోవచ్చుగా!” అంది కూతురు ఫోన్లో.

“ముసలమ్మకి ఎవరూ పని పురమాయించరే.”

మొదటివారమే తప్పు చేసింది. చలికి వణుకుతూ ఐదుగురు బాటసారులు రేవుకొస్తే జాలేసి గబగబా టైపు చేసింది: ‘అవ్వ అందరికీ చేపలు కాల్చి పెట్టింది. అందరూ కడుపునిండా తిని, నిప్పు దగ్గర హాయిగా నిద్రపోయారు.’

సర్వర్ చూసుకునే అడ్మిన్ వెంటనే ఆట ఆపాడు. “అవ్వా, చేపలు పెట్టడం వరకే మీది. తినాలా వద్దా, కడుపు నిండిందా లేదా అన్నది వాళ్ళు రాసుకుంటారు. ఎదుటివాళ్ళ వాక్యం మనం రాయకూడదు. ఇక్కడ అన్నిటికన్నా పెద్ద రూలు ఇదే.”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. పెట్టేది తనైతే తినేవాళ్ళ కడుపు సంగతి కూడా తనదే అనుకోవడం ఎంత అలవాటైపోయిందో అప్పుడు తెలిసింది. వాక్యం చెరిపి, చేపలు పెట్టడం వరకే ఉంచింది. బాటసారుల్లో ఒకడు ‘చేప వాసన చూసి, మొహం తిప్పుకుని పక్కన పెట్టాడు’ అని రాశాడు. ఆమెకు కోపం రాలేదు సరికదా, పకపకా నవ్వొచ్చింది. పడకగదిలోంచి ఆయన విసుక్కున్నాడు. “ఈ వయసులో బొమ్మలాటలేంటి? నిద్ర చెడగొడుతున్నావు.”

మూడు వారాలకు రేవులోకి ‘ఒంటికన్ను’ అనే దోపిడీ దొంగ దిగాడు. రావడం రావడమే రాసేశాడు: ‘అవ్వ చేతిలో తెడ్డు లాక్కుని, ఆమెను కట్టేసి పడవెక్కాడు. అవ్వ ఏడుస్తూ సరే అంది.’

ఆమె వేళ్ళు అప్పటికే ‘స’ దగ్గరికి వెళ్ళాయి. అంత అలవాటు! ఆలోపు అడ్మిన్ మాట తెరమీద పడింది. “ఒంటికన్ను, ఆగు. ‘లాక్కోబోయాడు’ అన్నంతవరకే నీది. తెడ్డు వదిలిందా, ఏడ్చిందా, సరే అందా, అది అవ్వ రాయాలి. అవ్వా, తొందరేం లేదు. ఆలోచించుకోండి.”

రేవులో పదకొండు మంది ఉన్నారు. మంచు కురుస్తోంది. ఎవరూ కదల్లేదు, ఎవరూ కల్పించుకోలేదు. అవ్వ ఏమంటుందా అని అందరూ నిలబడి ఉన్నారు. ‘తొందరేం లేదు’ అన్న మాట ఆమెతో చివరిసారి ఎవరన్నారో ఎంత వెతికినా గుర్తు రాలేదు. ఇంట్లో ఆమెను ఎప్పుడైనా అడిగినా, జవాబు కూడా కలిపే వడ్డిస్తారు: ‘చేస్తావుగా?’, ‘నీకేం ఇబ్బంది లేదుగా?’ అని. చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, మెల్లగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ టైపు చేసింది.

‘అవ్వ తెడ్డును ఏట్లోకి విసిరేసింది. “ఇప్పుడు కట్టెయ్ నాయనా. రెండో తెడ్డు ఎక్కడ దాచానో మాత్రం నేను చెప్పను.”’

రేవంతా గొల్లున నవ్వింది. ఒంటికన్ను గంటసేపు బతిమాలి, దోచుకున్న కంబళి ఒకటి ఇచ్చుకుంటే గానీ ఏరు దాటలేదు.

ఆ గురువారం ల్యాబ్‌లో ఒక కోరపన్ను చెక్కుతుండగా యజమాని వచ్చి పక్కన నిలబడ్డాడు. “ముందే చెప్పాల్సిందమ్మా. సరే, వేరే మనిషి దొరికేదాకా అయినా ఉండండి.”

“ఏంటి సార్?”

“మీవారు పొద్దున ఫోన్ చేశారు. మీ అత్తగారికి తుంటి ఆపరేషన్ అయింది కదా, చూసుకోవాలి కాబట్టి మీరు నెలాఖరుకి మానేస్తున్నారని చెప్పారు. ఆ గది పెత్తనం ఇంకెవరికైనా ఇవ్వాలి మరి.”

చిన్న కత్తి జారి పన్ను కొస విరిగింది. గిన్నె తోముతుంటే వినబడిన ‘తను చూసుకుంటుందిలే’ ఏమిటో ఇప్పుడు అర్థమైంది. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. విరిగిన ముక్కను మైనం డబ్బాలో వేసి, “సోమవారం దాకా ఎవరికీ ఇవ్వకండి సార్. ఈలోపే నేను ఫోన్ చేస్తాను” అంది.

ఆదివారం మధ్యాహ్నం బావగారు తల్లిని కారులో తీసుకొచ్చాడు. అత్తగారు వాకర్ పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. రెండు వీధుల అవతలే ఆవిడకు సొంత ఇల్లు ఉంది. ఆమె అందరికీ కంచాలు పెడుతోంది.

“అమ్మ ఇంటికి తాళం వేసేద్దాంరా,” అన్నాడు బావగారు కూర గిన్నె దగ్గరికి లాక్కుంటూ. “మరదలు ఎలాగూ ఉద్యోగం మానేస్తోందిగా. ఇక్కడైతే కడుపులో చల్ల కదలకుండా గడిచిపోతుంది.”

“మానేస్తున్నానని ఎవరన్నారు బావగారూ?”

బదులిచ్చింది భర్త, తలెత్తకుండానే. “నేనే చెప్పా. మీ ఓనర్‌కీ చెప్పేశా. నువ్వు కాదనవుగా.”

‘సరే’ నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళూ అది అలాగే వచ్చేది, ఆమెను అడక్కుండానే. ఈసారి దాన్ని అక్కడే ఆపింది. గరిటె గిన్నెలో పెట్టి, కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్య కూర్చుంది.

“అడగడం వరకే మీది. జవాబు నాది. మీరు అడగకుండానే నా జవాబు కూడా మీరే చెప్పేశారు.”

“ఇదేం కొత్త భాష?” అన్నాడాయన. “ఆ ఆటలో నేర్చుకున్నావా?”

“అవును. అక్కడ దొంగ కూడా నా జవాబు కోసం ఆగాడు.”

బావగారు ముద్ద చేతిలో పట్టుకుని నోరు వెళ్ళబెట్టాడు. ఆమె అత్తగారి వైపు తిరిగింది. “అత్తయ్యా, మీకు ఇక్కడ ఉండాలనుందా?”

ఆవిడ అటూ ఇటూ చూసింది. “నన్నా?”

“మిమ్మల్నే. తొందరేం లేదు.”

ఆయన ఏదో అనబోతే ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

“నా ఇంటికి తాళం ఎందుకురా?” అంది చివరికి అత్తగారు. “నాకు నా మంచం మీదైతేనే నిద్ర పడుతుంది. పగలు చూసుకోవడానికి ఓ మనిషిని పెట్టండి. రాత్రిళ్ళు మీరిద్దరూ వంతులేసుకుని పడుకోండి. కన్నది మిమ్మల్నేగా.” కాసేపాగి కోడలి వైపు చూసింది. “నీకు ఉద్యోగం దేనికని నేనూ అన్నదాన్నే. అప్పుడు నిన్నూ ఎవరూ అడిగుండరు.”

ఆయన మొహం కందగడ్డలా అయింది. “మీ ఓనర్‌కి ఇప్పుడు నేనేమని చెప్పను? నా పరువేం కావాలి?”

“మీరేం చెప్పక్కర్లేదు.”

ఆమె ఫోన్ తీసి కంచాల మధ్య బల్లమీద పెట్టి, అందరికీ వినబడేలా స్పీకర్ నొక్కింది. రెండుసార్లు మోగాక అవతల ల్యాబ్ యజమాని “చెప్పండమ్మా” అన్నాడు. ముగ్గురూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె తొందరపడలేదు. గ్లాసందుకుని రెండు గుక్కల నీళ్ళు తాగింది.

“సార్, గురువారం మీరు విన్నది మా ఆయన మాట. ఇప్పుడు నా మాట వినండి.”