షేరుకు కలిపిన ముద్ద

మా ఆడకుక్క బూదికి నెత్తురు చుక్కలు పడుతుంటే ఎదకొచ్చిందనుకున్నాను. మర్రిపాడులో గొర్రెలు కాచేవాళ్లెవరైనా అలాగే అనుకుంటారు. షావలి మేకల దొడ్డిలో షేరు అనే మగకుక్క ఉండేది. తోడేలును తరిమిన కుక్క. అలాంటి పిల్లలు కావాలని బూదిని తీసుకుపోయి నాలుగు రోజులు ఆ దొడ్డిలోనే కట్టేశాను.

"మగపిల్లోడి తరఫోణ్ణి. పెండ్లి భోజనం ఏది రా వెంగయ్యా?" అన్నాడు షావలి.

"నీ మేకపాలే నీకు పోస్తా, తాగు."

పిల్లలు పుట్టలేదు. నెత్తురూ ఆగలేదు. రెండు నెలలకు తోక కింద కోడిజుట్టు పువ్వులాంటి ఎర్రటి గడ్డ బయటపడింది. కుక్కను బస్సెక్కనియ్యరు. ఆత్మకూరు పశువుల ఆస్పత్రికి నడిపించుకుపోయాను.

"ఇది ఎద కాదు పెద్దాయనా, గడ్డ," అంది డాక్టరమ్మ. "జతకట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. వారానికో సూది వేస్తే మానిపోతుంది. దీన్ని ఏ కుక్క దగ్గరికైనా తీసుకుపోయావా? ఉంటే దాన్నీ పట్టుకురా."

వెనక గేదెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుతున్నారు.

"లేదమ్మా," అన్నాను.

ఐదో సూదికి గడ్డ కరిగిపోయింది. ఆ ఐదు వారాలూ షావలి దొడ్డి ముందు నుంచే నడిచాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ తరవాత కూడా అలాగే అనుకున్నాను.

ఒక శుక్రవారం పొద్దున టీ అంగడి దగ్గర షావలి కనిపించాడు.

"షేరుకు ఒంటేలు పోసే కాడ గడ్డ లేచి నెత్తురు కారతా ఉండాది రా. పిల్లలు తిరిగే చోట ఆ కుక్కేందని మా కోడలు ఇర్ఫానా గోల. మేకలకు తగులుకుంటాదని ఊరోళ్లు. నమాజు నుంచి వచ్చి ముద్దలో పురుగుమందు కలిపి పెడతా." గ్లాసు కింద పెట్టాడు. "తోడేలు నోట్లోంచి నా మేకను లాక్కొచ్చినాది అది. నా చేతి ముద్దను వాసన కూడా చూడదు, తినేస్తాది."

అంగట్లో నలుగురి ముందు చెప్పలేక గొర్రెలు తోలుకుపోయాను. మధ్యాహ్నానికి ఉండబట్టలేక ఇంటికొచ్చి బూదికి తాడు కట్టాను. నమాజు వదిలేసరికి నేను దొడ్డి చేరాలి. ముసలి కాళ్లు. కాస్త ఆలస్యమే అయింది.

షావలి సంగటి ముద్ద పిసుకుతున్నాడు. మందు డబ్బా మూత తీసి ఉంది. ఎదురుగా షేరు తోకాడిస్తోంది.

"పెట్టబాకరా!" అన్నాను. బూది తోక ఎత్తి చూపించాను. "దీనికీ అదే గడ్డ. దీన్నించే దానికి అంటుకున్నాది. ఆత్మకూరులో సూదులేసినారు. మానిపోయినాది, చూడు."

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

"ఉగాదికి ముందు."

"మూడు నెల్లు! ఏందిరా, నోరు కుట్టేసుకున్నావా? నా చేత్తో నేనే..."

షావలి లేచాడు. గొయ్యి తవ్వి ముద్దను లోతుగా పాతిపెట్టాడు. చేతులు కడుక్కున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు. షేరు గొయ్యి దగ్గరికి పోయి కాలితో గీకబోతే మెడకు తాడేసి ఇవతలికి లాగాడు. అలాగే ఆత్మకూరు దోవ పట్టాడు.

నన్ను రమ్మనలేదు. వెనకాలే నడిచాను. డాక్టరమ్మతో లేదన్నది నేను. ఉందని చెప్పాల్సిందీ నేనే.

దోవ పొడుగునా బూది షేరు వైపు లాగుతూనే ఉంది. తాడు పొట్టిగా పట్టుకున్నాను. షావలి ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.