బుడుంగుమన్న మాట

తూము తాళంచెవి దేవకుమార్ మెడలో, సిలువతో పాటు అదే గొలుసుకు వేలాడుతుంది. పైమడుగు శుద్ధి చేసే పని మొదలైన రోజున కాశమ్మ పెట్టిన షరతు అది.

"మీ మేనేజరు మాట నాను నమ్మను బాబూ. తాళంసెవి నీకాడుండాల. అదైతేనే ఒప్పుకుంతాం."

రెండు మడుగుల మధ్య ఉన్నది ఒక మట్టిగట్టు, దానికో తూము. పైమడుగులో ఏళ్లతరబడి ఎవరెవరో వదిలిన రసాయనాల నీరు, దాని మీద నల్లటి నూనెతెట్టు. కిందిమడుగులో జమ్ము, పక్షులు, కాశమ్మ వాళ్లు పట్టుకు బతికే చేపలు. శుద్ధి చేసే కంపెనీలో దేవకుమార్‌ది పక్షుల్ని కాచే ఉద్యోగం. కాయడమంటే తోలడమే. పైమడుగులో కొంగలు, బాతులు వాలితే టపాసు పేల్చి కిందిమడుగుకు తోలేవాడు. "ఒక్క చుక్క మురికి కిందికి రాదు" అని ఊరందరి ముందూ మాటిచ్చిందీ అతనే.

కాశమ్మకు అతనంటే అభిమానం. వెక్కిరించడమూ మానేది కాదు. జమ్ములో గూడు పెట్టిన బుడుబుంగ పిట్టల్ని చూపించి నవ్వేది.

"సూడు, అచ్చం నువ్వే. అలికిడైతే ఎగరదు, బుడుంగుమని ములిగిపోతాది. మేనేజరు కేకేత్తే నువ్వూ అంతే గదేటి!"

"మునిగినా మళ్లీ తేలతాను కదా పిన్నీ," అనేవాడు.

ఇంతలో వాయుగుండం పట్టింది. రాత్రంతా కురిసిన వానకు పైమడుగు ఉబ్బి గట్టు అంచుకొచ్చింది. తెల్లారేసరికి మేనేజర్ భీమశంకరరావు గొడుగేసుకుని దిగాడు.

"తూము తియ్యి దేవా. గట్టు తెగిందంటే మోటార్లు, పొక్లెయిన్లు అన్నీ గంగపాలు."

"కింద పిల్లలున్నాయి సార్. బుడుబుంగలు వీపు మీదెక్కించుకుని తిరుగుతున్నాయి."

"టపాసులున్నాయిగా, తోలేయ్. పక్షి లేని నీళ్లలోకి వదిలితే అడిగేవాడెవడు?"

"ఎక్కడికి తోలను సార్? ఇన్నాళ్లూ ఆ కిందికేగా తోలాను!"

"సముద్రం లేదా? నీకు జీతమిస్తున్నది తోలడానికే. ఊఁ, కానీ."

దేవకుమార్ కిందిమడుగు ఒడ్డుకు నడిచాడు, వెనకే మేనేజర్. కాశమ్మ తలమీద గోనెసంచి కప్పుకుని నిలబడి ఉంది.

"ఏటి బాబూ, టపాకాయలట్టుకొచ్చినావు? ఇయ్యాల దీపాల పండగేటి?"

 దేవకుమార్ మేనేజర్ గొడుగు కింద వత్తి అంటించి విసిరాడు. ఫెళ్లుమంది. కొంగలు తెల్లటి దుప్పటి దులిపినట్టు ఒక్కసారిగా లేచాయి. వాటి వెనకే బాతులు. జమ్ము అంచున మాత్రం నీళ్ల మీద చిన్న చిన్న వలయాలు. వాటినీ వాన చెరిపేసింది.

"చూశావా! ఒక్కటీ లేదు. ఖాళీ," అంటూ మేనేజర్ చెయ్యి చాపాడు.

ఖాళీ కాదని దేవకుమార్‌కు తెలుసు. ఒక్క మాట చాలు, 'లోపలున్నాయి సార్' అని. నీళ్ల అడుగున అవి ఊపిరి బిగబట్టినంతసేపూ గట్టు మీద అతనూ బిగబట్టాడు. మాట నాలుక చివరిదాకా వచ్చి, లోపలికే మునిగిపోయింది. గొలుసులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు.

మేనేజర్ తాళం తీయగానే తూము గుర్రుమంది. నల్లటి నీళ్లు జమ్ములోకి దూకి, నాలిక చాపినట్టు పరుచుకున్నాయి. అప్పుడు తేలాయి బుడుబుంగలు, ఒకటొకటిగా, తెట్టు మధ్యలో. వీపుల మీది పిల్లలతో సహా నిగనిగలాడుతున్నాయి.

"అరె, ఉన్నాయే!" అన్నాడు మేనేజర్. "ఇంకోటి పేల్చవయ్యా!"

దేవకుమార్ కదల్లేదు. పేలిస్తే అవి ఎగరవు.

మేనేజర్ అప్పటికే ఫోన్ తీశాడు. "గట్టు నిలబడింది సార్. పైమడుగులోనా? ఒక్క పక్షి కూడా చావలేదు సార్. మన కుర్రాడు బాగా చూసుకున్నాడు."

కాశమ్మ తిట్టలేదు. అతని మెడలో మిగిలిన సిలువ వైపోసారి చూసింది.

"అయి తేలినాయి బాబూ," అంది. "నువ్వే తేల్లేదు."

చేపల తట్ట అందుకుని మోకాలిలోతు నల్లనీళ్లలోకి దిగింది. దగ్గరున్న పిల్లల తల్లి వైపు తట్ట చాపి, రా రా అంటూ మెల్లగా అడుగేసింది.

అలికిడికి బుడుబుంగ తల తిప్పి చూసింది. బుడుంగుమంది.