ఘాటీ మలుపులో కుడికాలు

పద్మజ కాలు విరగ్గొట్టినవాడు ఆమె సొంత తమ్ముడు స్టాన్లీ. ఇందులో వాదనకు చోటు లేదు. రెండువేల పదమూడు నవంబరులో, ఆమె భర్త ఏసురాజు జనపనార మిల్లులో పగటి డ్యూటీలో ఉండగా, చెప్పాపెట్టకుండా అతని బుల్లెట్టు బయటికి తీశాడు. అక్కను వెనక కూర్చోబెట్టుకుని సాలూరు దాటి కొండెక్కాడు. దిగేటప్పుడు మలుపులో పడేశాడు. అడిగితే తల వంచుకుని "అవును బావా" అన్నాడు. ఒప్పుకున్న తప్పుకు సాక్షులెందుకు?

ఆ కాలు తిన్నగా అతుక్కోలేదు. ఏడాది పైచిలుకు కుంటుతూ నడిచింది పద్మజ. రెండువేల పదిహేను ఫిబ్రవరిలో కామెర్లు వచ్చి పోయింది. కాలికీ కామెర్లకీ సంబంధం లేదన్నాడు డాక్టరు. డాక్టరుకు తెలిసింది డాక్టరు చెప్పాడు. ఏసురాజు రెండిటినీ ఒకే గాటన కట్టి స్టాన్లీ మెడకు తగిలించాడు.

ఆ బుల్లెట్టు పాతకాలంది. దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. శ్రీకాకుళంలో రిటైరైన ఒక సుబేదారు దగ్గర తొంభై నాలుగులో కొన్నాడు. ఇప్పటి బళ్ళన్నిటికీ కుడికాలి కిందే బ్రేకు. ఆ బళ్ళకు అలవాటు పడ్డవాడు కంగారులో కుడికాలు తొక్కితే ఈ బండి ఆగదు. గేరు పెరుగుతుంది, లేదంటే రెండు గేర్ల మధ్య ఖాళీలో పడి, పల్లంలో ఇంకా జోరందుకుంటుంది. స్టాన్లీ కరెంటాఫీసులో లైన్‌మన్. కొత్త బండి కొన్నాడు, సెలవొస్తే నలుగురైదుగురితో కలిసి కొండలకూ సముద్రానికీ తిరుగుతాడు. పొరపాటున కుడికాలు తొక్కడానికి అంతకంటే తగినవాడు ఆ కుటుంబంలో లేడు.

ఏసురాజు అలా తిరిగే రకం కాదు. బండిని చూసుకునే రకం. ఆదివారం చర్చి నుంచి రాగానే నెల్లిమర్లలో తన ఇంటి పెరట్లో గోనెపట్టా పరిచేవాడు. చైను విప్పి కిరసనాయిల్లో నానబెట్టేవాడు. టాపెట్ల సందు చూసేవాడు, పాయింట్లు గీకేవాడు. పద్మజ ముక్కాలిపీట వేసుకుని పానాలు అందించేది. ఊళ్ళకు స్కూటీ మీద వెళ్ళి సూదులు వేసొచ్చే నర్సమ్మ. చేతులు ఖాళీగా ఉంచుకోవడం ఆమెకు తెలియదు. నంబరు చెప్పకముందే కావలసిన పానా చేతిలో పెట్టేది. మిల్లు నుంచి తెచ్చిన సన్న గోనెగుడ్డకు నీలం అంచు వేసి సీటుకు తొడుగు కుట్టింది. ఎండకు కాలదు, వానకు జారదు.

బండి కొన్న కొత్తలో కళింగపట్నం దీపస్తంభం చూశారు. బారువ వెళ్ళారు. శ్రీముఖలింగం దగ్గర వంశధార ఇసకలో అన్నం తిన్నారు. తరవాత బండికి వయసొచ్చింది, ఏసురాజుకు భయమొచ్చింది. నవంబరులో సాలూరు పైన కొండలన్నీ వలిసె పూలతో పసుపు ఆరబోసినట్టుంటాయని పద్మజకు ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఏటా అడిగేది. "వచ్చే ఆదివారం" అనేవాడు. ఆ వచ్చే ఆదివారానికి క్లచ్చి ప్లేట్లలోనో కార్బురేటరులోనో ఏదో లోటు కనిపించేది. సిద్ధం కాని బండిని కొండెక్కించకూడదు. ఆ నియమంలో తప్పేం లేదు.

వాళ్ళది బాప్టిస్టు సంఘం. నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. తోటి విశ్వాసి మీద పగ ఉన్నవాడు ఆ రొట్టె ముట్టకూడదు. చాలామంది పగను జేబులో పెట్టుకునే చెయ్యి చాపుతారు. ఏసురాజుకు అది చేతకాదు. పద్మజను సమాధి చేసిన నాటినుంచీ వెనక బెంచీలో కూర్చుని, పళ్ళెం రాగానే పక్కవాడికి అందించేస్తున్నాడు. ముందు బెంచీలో స్టాన్లీ వీపు కనిపిస్తూ ఉంటుంది.

ఆ సంఘానికి ఇంకో కట్టుబాటుంది. వరసగా మూడో ఏడు కూడా బల్లకు దూరంగా ఉన్నవాడి పేరు డిసెంబరు సమావేశంలో కొట్టేస్తారు. పేరు పోతే సమాధుల తోటలో చోటు పోతుంది. పద్మజ పక్కన ఆరడుగుల నేల నాలుగు ఇటుకలు పాతి అతని కోసం ఉంచారు. రెండువేల పదిహేడు నవంబరులో పాస్టరుగారు ఇంటికొచ్చి ఆ సంగతి గుర్తుచేశారు.

"పెద్దలు నా మాట వినేలా లేరు, ఏసురాజుగారూ. ఈ నెలలోగా స్టాన్లీతో రాజీ పడండి."

"పడేసిన చోట నిలబడి, తప్పు నాదేనని వాడు నోటితో చెప్పాలి. చెప్తే బల్లకి వస్తాను."

"ఇంట్లో చెప్తే సరిపోదా?"

"ఇంట్లో విరగలేదు."

పాస్టరుగారు ఆ మాట మోసుకెళ్ళారు. స్టాన్లీ ఒక్క షరతూ పెట్టకుండా సరేనన్నాడు.

శనివారం పొద్దున్నే గుమ్మంలో దిగాడు. కొత్త బండికి రెండువైపులా పెట్టెలు, ముందు గాలి అడ్డుకునే అద్దం, హ్యాండిలు మీద దారి చూపించే ఫోను.

"టిఫిన్ సేసినావేటి బావా?"

ఏసురాజు బండి దగ్గరికి వెళ్ళాడు. ఆయిలు చూశాడు. చైను వేలితో ఎత్తి ఊగు చూశాడు. రెండు బ్రేకులూ చూశాడు. కిక్కరు మెల్లగా కిందికి దింపి, ఆమ్మీటరు సూది మధ్యకు వచ్చేదాకా ఆగి, ఒక్క తన్ను తన్నాడు. బండి అందుకుంది.

"ఒక్క తన్నే," అన్నాడు స్టాన్లీ. "నాది బటను నొక్కితేగాని లెగదు."

"నీకు నొక్కడమే వచ్చు. తొక్కడం రాదు."

స్టాన్లీ నవ్వాడు. నవ్వడానికి వాడికి సిగ్గుండాలి అనుకున్నాడు ఏసురాజు.

విజయనగరం దాటేదాకా ఎండ రాలేదు. గజపతినగరం దగ్గర రైతులు కోసిన వరి రోడ్డు మీదే పరిచి బళ్ళచేత తొక్కిస్తున్నారు. ఏసురాజు నలభై దాటనివ్వలేదు. స్టాన్లీ ముందుకెళ్ళిపోయి, చింతచెట్ల కింద ఆగి, మళ్ళీ కలిశాడు. రామభద్రపురం కూడలిలో ఆగినప్పుడు మాత్రం బండి దిగకుండా అటూ ఇటూ చూసి, ఏదో అనబోయి మానేశాడు.

"ఏటి?"

"ఏటీ లేదు. పద."

సాలూరు నిండా ఎప్పటిలాగే లారీలు. ఇంజన్లు దింపినవి, బాడీ కడుతున్నవి, రంగు ఆరుతున్నవి. ఊరు దాటాక ఘాటీ కొండదారి మొదట్లో ఏసురాజు బండాపి పావుగంట ఇంజను చల్లారనిచ్చాడు. స్టాన్లీ రెండు సీతాఫలాలు కొని ఒకటి చాపాడు. ఏసురాజు తీసుకోలేదు. స్టాన్లీ రెండూ తిన్నాడు.

"సల్లారిందేటి బావా?"

"నీకేటి తొందర? ఒప్పుకోడానికే కదా వస్తన్నావు."

"అందుకే తొందర."

రెండో గేరులో ఎక్కారు. పైకి పోయేకొద్దీ గాలి పలచనైంది, లారీల పొగ కిందే ఉండిపోయింది. నాలుగో మలుపు తిరిగాక వలిసె చేలు కనిపించాయి. కొండవాలు కొండవాలంతా పసుపు. మధ్యమధ్య మట్టి ఎర్రగా తేలి, అంచుల్లో మంచు ఇంకా విడవకుండా ఉంది. ఆమె చెప్పినట్టే ఉంది. ఏసురాజు చూసి రోడ్డు మీదికి కళ్ళు తిప్పుకున్నాడు.

స్టాన్లీ చూపించిన మలుపులో ఒక టీ కొట్టు ఉంది. తాటాకు పందిరి, పొయ్యి, ముందు గంపలో సీతాఫలాలు. కొట్టు నడిపే గున్నమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. రోడ్డు అవతల సున్నం కొట్టిన గట్టురాళ్ళు. స్టాన్లీ మూడో రాయి దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు, చర్చిలో నిలబడ్డట్టు.

"ఇక్కడే బావా. తప్పు నాదే."

"ఏటి సేసినావో సెప్పు."

"బ్రేకు బదులు కుడికాలు పడ్డాది. బండి జారిపోనాది. తప్పు నాదే."

"మళ్ళీ సెప్పు."

మళ్ళీ చెప్పాడు. నాలుగేళ్ళుగా ఈ మాట కోసమే ఏసురాజు కాచుకున్నాడు. విన్నాక ఏదో దిగుతుందనుకున్నాడు. ఏమీ దిగలేదు. టీ తాగి పోదామన్నాడు.

గున్నమ్మ గ్లాసులు తెచ్చిచ్చి, బుల్లెట్టు దగ్గర ఆగిపోయింది. సీటు మీద చెయ్యివేసి నీలం అంచు తడిమింది.

"ఈ గోనె సీటు బండి నాకు గురుతే. మళ్ళీ ఇన్నాళ్ళకి వచ్చినాది. తోలినావిడ రాలేదేటి?"

"తోలింది నేనే అమ్మా," అన్నాడు స్టాన్లీ గబగబా. "నువ్వు ఇంకో బండి అనుకుంటన్నావు."

"నువ్వు ఎనకాల కూకున్నావు బాబూ. 'బ్రేకు, అప్పా, బ్రేకు' అని లబలబలాడినావు. ఈ ఘాటీలో ఇలాటి బండి తోలిన ఆడమనిసిని నేను ఇంకోర్తిని సూడలేదు. మర్సిపోతానేటి?"

స్టాన్లీ గ్లాసు గట్టుమీద పెట్టేశాడు. ఏసురాజు తన గ్లాసు పెట్టలేదు.

"ఎలాగ పడ్డాది?" అని గున్నమ్మనే అడిగాడు.

"కొండ మీంచి దిగుతన్నారు. ఎక్కీటప్పుడు ఇక్కడే టీ తాగినారు, నాతోటి పకపకా నవ్వినాది. దిగీటప్పుడు ఈ మలుపులో ఎదర లారీ వచ్చినాది. ఆగదే బండి. ఆ రాళ్ళకి రాసుకుని ఒరిగిపోనాది. కాలు ఒంకర తిరిగిపోనాది బాబూ. ఆవిడ కాలు సూసుకోలేదు. టాంకీ మీద గీత సూసి ఏడిసినాది. మా ఆయన సూస్తాడు అన్నాది. కొడతాడేటి మీ ఆయన అనడిగినాను. కొట్టడు, మాటాడడం మానేస్తాడు, అన్నాది."

ఏసురాజు టీ తాగాడు.

"బాగున్నాదా ఆవిడ?"

"పోయింది."

గున్నమ్మ సీటు మీంచి చెయ్యి తీసేసి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఎప్పుడు నేర్సుకున్నాది?" అని అడిగాడు ఏసురాజు. స్టాన్లీ వైపు చూడలేదు.

"మిషను స్కూలు గ్రౌండులో. నా బండి మీద. నాలుగు ఆదివారాలు."

"ఆదివారం మజ్జానం స్త్రీల కూడికకి ఎల్లీది."

"స్త్రీల కూడిక గురువారం బావా. పాతికేళ్ళ నుంచీ గురువారమే." స్టాన్లీ గొంతులో మొదటిసారి కాస్త కారం వినిపించింది. "నువ్వు బండి కింద ఉండీవాడివి. ఏ రోజు ఏ కూడికో నీకేటి తెలుసు?"

"నీ మీదెందుకు ఏసుకున్నావు?"

"అప్ప అడిగినాది. కాలు నయమయ్యాక మళ్ళీ తోల్తాను, తెలిస్తే ఆయన బండికి గొలుసేసి తాళం పెట్టేస్తాడు, అన్నాది. అప్పటిదాకా నువ్వే తోలినావని సెప్పరా అన్నాది. సరే అన్నాను. ఈలోగా పోనాది. పోయినాక సెప్తే ఏటి బాగుంటాది? సచ్చిపోయిన మనిసి మీద నేరం ఎట్టినట్టుంటాది." రోడ్డు అవతల మూడో రాయి వైపు చూశాడు. "అయినా నేను అబద్దమాడలేదు. నా బండి మీద నేర్పినాను. కుడికాలికి బ్రేకు నేర్పినాను. ఇక్కడికొచ్చి ఆ కాలే తొక్కినాది. తప్పు నాదే."

ఎంతవరకు తోలిందని ఏసురాజు అడగలేదు. స్టాన్లీయే చెప్పాడు. రామభద్రపురం కూడలి నుంచి ఆమే తోలింది. సాలూరు లారీల మధ్య నుంచి తెచ్చింది, ఘాటీ ఎక్కించింది, పూలు చూసింది.

ఎప్పుడో ఒకసారి పానా అందిస్తూ, "నన్నొక్కసారి తోలనీ" అని అడిగింది పద్మజ. "స్కూటీ కాదే ఇది" అని ఏసురాజు తల ఎత్తకుండానే అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే ఈ బండి మీదే నేర్పేవాడు, గేరు ఎటో బ్రేకు ఎటో కాలికి తెలిసేది. అడగాల్సింది. ఆ మాట అతనికి గుర్తొచ్చింది. స్టాన్లీకి చెప్పలేదు.

"బావా, మరి బల్లకి వస్తావా?"

"సెప్పమన్నాను, సెప్పినావు. వస్తాను."

దిగేటప్పుడు స్టాన్లీని ముందు పొమ్మన్నాడు. ఆ మలుపు బయటికి వాలి ఉంది. తెలిసిన కాలికి కూడా నమ్మకం చాలని మలుపు. ఏసురాజు రెండో గేరులో, ఎడమకాలు బ్రేకు మీదే ఉంచి దాటాడు. సాలూరులో ఆగలేదు. ఇంటికొచ్చేసరికి మూడైంది. బండి తుడిచి, మీద పట్టా కప్పాడు. మర్నాడు ఆదివారం. పెరట్లో గోనెపట్టా పరచలేదు.

డిసెంబరు మొదటి ఆదివారం ముందు బెంచీలో స్టాన్లీ పక్కన కూర్చున్నాడు. జనం తలలు తిప్పి చూశారు. పాస్టరుగారు పళ్ళెం పట్టుకుని అతని ముందు ఆగి, వంగి, మెల్లగా అడిగారు.

"చెప్పాడా?"

"చెప్పాడు."

"ఆ చోటేనా?"

"ఆ చోటే."

ఏసురాజు రొట్టె తీసుకున్నాడు. స్టాన్లీ మీద పగ లేదు. ఎవరి మీద ఉందో ఆ మనిషి పేరు ఇప్పుడు సంఘం జాబితాలో లేదు, సమాధి రాయి మీద ఉంది. కట్టుబాటు ప్రకారం అడ్డేమీ లేదు.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు గుమ్మంలో చెయ్యి పట్టుకుని, అక్కడ ఏం జరిగిందో సంఘం ముందు సాక్ష్యంగా చెప్పమన్నారు. నలుగురికీ మేలు జరుగుతుందన్నారు. ఏసురాజు చెయ్యి విడిపించుకుని మెట్లు దిగాడు. స్టాన్లీ వెనకే వచ్చాడు.

"బావా, కొండ మీద పూలు సూసినప్పుడు అప్ప నీ గురించి ఒక మాట అన్నాది. సెప్తాను, ఇను."

"ఒద్దు."

"మంచి మాటే."

"మంచిదైనా ఒద్దు." ఏసురాజు ఆగి అతని మొహంలోకి సూటిగా చూశాడు. "ఒరే, ఆ దారి గురించి నా దగ్గర ఎప్పుడూ ఎత్తకు. నువ్వు గాని, పాస్టరుగారు గాని, ఎవరూ. ఎత్తినా నేను పలకను. నా నోట ఆ మాట ఇంక రాదు."