ఒడ్డువాళ్ళ రక్తం

నా భార్య గుండె బలహీనమైనదని నాకంటే ముందు ఒక కంపెనీకి తెలుసు. తెలిసి ఆమెకు చెప్పలేదు. మాత్రలు అమ్మేవాళ్ళకు చెప్పింది. ఇది నా అనుమానం కాదు, జరిగిన సంగతి.

ఆ కంపెనీ మనుషుల ఉమ్ము తెప్పించుకుని, అందులోని డీఎన్ఏ చూసి, వాళ్ళ పూర్వీకులు ఎక్కడివాళ్ళో చెబుతుంది. మా అక్క డబ్బు కట్టి నా పేరు మీద ఒక గొట్టం తెప్పించింది. అక్క బడిలో పెద్ద టీచరుగా చేసి రిటైరయింది. కూర్చున్నా లేచినా వంశం మాటే. "ఇంటి మగాడివి నువ్వు. మన వంశం నీ ఉమ్ములోనే ఉంటుంది," అంది.

"నాది పనికిరాదా వదినా?" అని నా భార్య నవ్వుతూ అడిగింది.

"నీదెందుకమ్మా? బయటి నుంచి వచ్చినదానివి. అదీ ఒడ్డువాళ్ళ పిల్లవి."

కొత్త మాటేమీ కాదు. ఆమె పుట్టిల్లు సముద్రం పక్కన. పెళ్ళయిన నాటి నుంచి మా ఇంట్లో ఏది చెడినా అది ఒడ్డువాళ్ళ మీదికే పోయేది. ఉప్పు ఎక్కువైతే ఒడ్డువాళ్ళ చెయ్యి. అమ్మాయి మొండికేస్తే ఒడ్డువాళ్ళ రక్తం. అదే అమ్మాయి పరీక్షలో మొదట వస్తే మాత్రం మా రక్తం.

గొట్టంలో గీత దాకా ఉమ్మాలి. నేను వేసుకునే బీపీ మాత్రలకు నా నోరు ఎప్పుడూ ఎండిపోయి ఉంటుంది. అద్దం ముందు నిలబడి చూశాను. చుక్క ఊరలేదు. పారెయ్యమని గొట్టం ఆమె చేతికిచ్చి షెడ్డుకు పోయాను. మోటార్లు బాగుచేయడం నా పని. ఆమె యూనిఫారాలు కుట్టే చోట కాలర్లు కుట్టేది.

అక్క రోజూ ఫోన్ చేసేది. నాకు కాదు, ఆమెకు.

"వాడు ఉమ్మాడా?"

"ఉమ్ముతారు వదినా."

"ఇంకా లేదా? మొగుడి చేత ఆ మాత్రం చేయించలేవా?"

నేను సగంలో వదిలేసినవన్నీ ఆమె చేతి మీదుగానే పూర్తయ్యేవి. అమ్మాయి ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం ఆమే పెట్టేది. నేను తెచ్చిపెట్టిన తగాదాలకు పక్కింటివాళ్ళ దగ్గరికి ఆమే పోయి సర్దిచెప్పేది. ఇదీ అలాగే అయింది. అప్పటికి నాకు తెలియదు.

కొన్నాళ్ళకు అక్క రిపోర్టు పట్టుకొచ్చింది. అందులో పూర్వీకులు తిరిగిన చోట్లు చూపే బొమ్మను రంగుల్లో అచ్చు వేయించి, పటం కట్టించి, మా ముందుగదిలో తనే మేకు కొట్టి తగిలించింది.

"చూశావురా, మనవాళ్ళు సముద్రం మీద తిరిగినవాళ్ళట. అలకు ఎదురెళ్ళిన వంశం. ఊరికే వచ్చిందా మనకీ పట్టుదల."

నేను నా భార్య వంక చూశాను. ఆమె అక్కకు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

అక్క వెళ్ళాక అడిగాను. "పారెయ్యమన్నాను కదా."

"పారేశాను."

"ఎక్కడ?"

"పోస్టు డబ్బాలో. నాది పోసి."

అప్పుడు మేము ఉతికిన దుప్పటి చెరో కొస పట్టుకుని మడత పెడుతున్నాం. దులుపుతూ, మడుస్తూ ఆమె చెప్పుకుపోయింది. నేను కొస పట్టుకుని విన్నాను.

"మొదట విసుగుతోనే చేశానండీ. వదిన ఫోన్ ఆగితే చాలనుకున్నా. మూత పెట్టాక మాత్రం ఆ గొట్టం చేతిలో పట్టుకుని చాలాసేపు కూచుండిపోయా. వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళలో నా ఒంట్లోంచి వచ్చిందాన్ని ఎవరన్నా జాగ్రత్తగా పట్టుకున్నారా? చెమట తీసుకున్నారు, పాలు తీసుకున్నారు, కళ్ళు ఆ కాలర్లు తీసుకున్నాయి. ఇది ఎలాంటిదో అని ఎవరూ వెలుగులో పెట్టి చూడలేదు. అమ్మాయి పుట్టినప్పుడు గుర్తుందా, ముక్కు మీదేనని, చెవులు వదినవని అందరూ పంచుకున్నారు. అందరూ పోయాక నేను గుడ్డ తీసి కాలివేళ్ళు చూసుకున్నా. చిటికెనవేలు నాది. ఎవరికీ చెప్పలేదు, చెబితే అదీ లాక్కుంటారని. ఇప్పుడు చూడండి, మా అమ్మమ్మని, వాళ్ళమ్మని వదినే మోసుకొచ్చి, తన చేత్తో మేకు కొట్టి గోడెక్కించింది. ఎలాగూ తుడిచేది నేనే కదా. తుడుస్తూ పలకరించుకుంటా. వదినకు చెప్పకండి. చెబితే దింపేస్తుంది."

చివరి మడతకు ఇద్దరం దగ్గరికొచ్చాం. చెప్పనన్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో నవ్వు పెరిగింది. అక్క వచ్చి వంశం ఎత్తినప్పుడల్లా నా భార్య, "మరే వదినా, ఆ రక్తమే వేరు," అనేది. నేను దగ్గు నటిస్తూ వాకిట్లోకి పోయేవాణ్ణి.

ఆ వెనకే ప్రకటనలు మొదలయ్యాయి. నా ఫోనుకు, అక్క ఫోనుకు, గుమ్మం ముందుకు కాగితాలుగా. పడవ ప్రయాణాలు, మోకాళ్ళ తైలం, జుట్టు రంగు. అక్క నా పేరిచ్చింది కాబట్టి రిపోర్టు నన్ను అయ్యా అంది. ప్రకటనలు అమ్మా అన్నాయి. "అమ్మా, నెలసరి ఆగాక ఎముకలు జాగ్రత్త." నా భార్య నా ఫోను చూసి, అన్నం వడ్డిస్తూ, "ఎముకలు జాగ్రత్త తల్లీ," అనేది. ఉమ్ము ఆడమనిషిదని కంపెనీకి తెలుసు. తప్పు దిద్దితే వాళ్ళకు వచ్చేదేమీ లేదు. అమ్ముకుంటే వస్తుంది.

వాటిలో గుండెవే ఎక్కువ. గుండెకు మాత్రలు, గుండెకు నూనె, గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే చేతిపట్టీ. నవ్వేశాం. జుట్టు రంగు పక్కన అచ్చయిన మాటను ఎవరు నమ్ముతారు? "భయపెట్టకుండా ఎవడు అమ్ముతాడండీ," అంది ఆమె.

ఒక సాయంత్రం అలాంటి కాగితమే ఒకటి పైకి చదివింది. "అమ్మా, మీ తల్లివైపు ఆడవాళ్ళు ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయారా? మీవంటి రక్తం ఉన్నవారికే మా మాత్ర." చదవడం ఆపేసింది. వాళ్ళమ్మ చిన్న వయసులోనే, బట్టలు పిండుతూ పిండుతూ కూలిపోయి, అక్కడే పోయింది.

"మా అమ్మ సంగతి వీళ్ళకెవరు చెప్పారు?" అంది. కాగితం మడిచి, "నేనే చెప్పినట్టున్నాను," అంది.

పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదామన్నాను. అదే ప్రకటన అక్కకూ వచ్చింది. మేము బయల్దేరేసరికి బండి మాట్లాడుకుని, రిపోర్టు పట్టుకుని గుమ్మంలో ఉంది. వచ్చింది నా కోసం. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీకి తీగలు అంటించారు. "ఎద్దులాంటి గుండె," అన్నాడు డాక్టరు.

"మా ఆవిడకు కూడా చూడండి," అన్నాను.

ఆయన తలెత్తలేదు. "ఆవిడకెందుకు? రిపోర్టు మీది కదా."

అక్క పక్కనే ఉంది. నేను నోరు తెరిచాను. నా భార్య నా చొక్కా గుండీలు పెడుతూ, వద్దని తల ఊపింది.

మెట్లు దిగుతూ నాకు మాత్రమే వినబడేలా అంది. "వదిన ముందు వద్దు. శనివారానికి యూనిఫారాల ఆర్డరు అయిపోతుంది. సోమవారం వేరే డాక్టరు దగ్గరికి నేనొక్కదాన్నే పోతా. మీరు రాకండి. నా పేరు నేనే చెప్పుకుంటా, మా అమ్మ సంగతి నేనే చెబుతా. ఇంతవరకు నా గురించి నేను ఎక్కడా చెప్పుకోలేదు. ఒకసారి చెప్పి చూస్తా."

శుక్రవారం మిషను మీద తల వాల్చింది. అలిసి పడుకుందనుకున్నారట పక్కవాళ్ళు.

చుట్టాలు పలకరించడానికి వచ్చారు. అక్క నా చెయ్యి పట్టుకుని వాళ్ళతో అంది. "వీడికేం ఫరవాలేదు, డాక్టరే చెప్పాడు. మా రక్తం గట్టిది. పాపం, ఒడ్డువాళ్ళది నాసిరకం."

అందరి ముందే చెప్పాను. గోడ మీద ఉన్నది ఆమె ఉమ్ము. ఇన్నాళ్ళూ నువ్వు మొక్కింది వాళ్ళ అమ్మమ్మకు. నాది ఆ గొట్టంలో ఎప్పుడూ పడలేదు.

అక్క నమ్మలేదు. పటం వంక చూసింది. తర్వాత, "అయితే ఆ రోజు డాక్టరు..." అని ఆగిపోయింది.

"అవును," అన్నాను.

అమ్మాయిని గొట్టాల జోలికి పోనివ్వలేదు. నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అమ్మమ్మ ఎలా పోయిందో, అమ్మ ఎలా పోయిందో తన నోటితోనే చెప్పుకుంది. ఆయన విన్నాడు, పరీక్షలన్నీ చేయించాడు. మందులు వాడుతోంది. బాగుంది.

కంపెనీకి ఫోన్ చేశాను, ఆమె వివరాలు తీసేయమని. మనిషి పోయిందన్నాను. "సార్, ఇక్కడున్నది మీ పేరే కదా?" అంది ఫోనెత్తిన పిల్ల. వాళ్ళ దగ్గర నా భార్య పేరే లేదు. ఉన్నదంతా ఆమెదే. మళ్ళీ వారం కాగితం వచ్చింది. అమ్మా, మీ గుండె అని.

అక్క ఇప్పటికీ వస్తుంది. వంశం మాట ఎత్తదు. మొన్న వచ్చి చాలాసేపు కూర్చుంది. "నువ్వన్నా ఆ డాక్టరు గదిలో ఒక్క మాట అనొచ్చు కదరా, నేనేమైనా కొట్టేదాన్నా?" అంది.

"తను వద్దంది. ఎవరికి భయపడి వద్దందో నీకు తెలుసు. నువ్వు వస్తే కాఫీ ఇస్తాను, ఒంట్లో బాగాలేకపోతే చూస్తాను. ఈ సంగతి మాత్రం మళ్ళీ ఎత్తకు. నేనెత్తను," అన్నాను.